సున్నం గోడ, దాని పక్కన మంచు

ట్యూబులోంచి వచ్చిన తెలుపును వచ్చినట్టే కాన్వాసు మీద పెట్టకండి. చివరి పావుగంట దాకా ఆగండి. ఉక్రెయిన్ పల్లెను చలికాలంలో వేస్తానన్న ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే. అక్కడ సున్నం కొట్టిన మట్టి గోడ తెలుపు. వాకిట్లో మంచు తెలుపు. కప్పు మీద పేరుకున్న మంచు తెలుపు. పొగగొట్టంలోంచి లేచే పొగా తెలుపే. ఈ నాలుగు తెలుపులూ పక్కపక్కనే ఉండి, దేనికది విడిగా కనిపించాలి. ఈ బొమ్మలో కష్టమంతా అక్కడే ఉంది, అందమూ అక్కడే ఉంది.

నేను ఉక్రెయిన్‌లోని విన్నిత్సియా నగరంలో మెడిసిన్ చదివాను. 2013లో గుంటూరు నుంచి వెళ్ళి 2019లో డాక్టరునై తిరిగొచ్చాను. మూడో ఏడు చలికాలం సెలవులకు ఇంటికి రావడానికి టికెట్ డబ్బులు లేక హాస్టల్లోనే ఉండిపోతుంటే, నాతో చదివే అమ్మాయి వాళ్ళ అమ్మమ్మగారి ఊరికి తీసుకెళ్ళింది. దక్షిణ బూగ్ నది ఒడ్డున చిన్న పల్లె. ఆవిడను అందరం బాబుస్యా అనేవాళ్ళం, అంటే అమ్మమ్మే. నన్ను ‘దోన్యు’ అని పిలిచేది, మనం ‘అమ్మాయీ’ అన్నట్టు. ఆ ఇంటినే ఇప్పటికి 14 సార్లు వేశాను. వాటిలో 3 మాత్రమే నాకు నచ్చినట్టు వచ్చాయి. ఆ మూడూ ఎలా వచ్చాయో చెబుతాను.

ముందు ఇంటిని తెలుసుకోండి. దాన్ని అక్కడ హాతా అంటారు. మనకు కొత్త ఇల్లేం కాదు. కర్ర చట్రం మీదో, అల్లిన తడిక మీదో మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తుతారు, ఆరాక సున్నమో సుద్దో కొడతారు. పాతకాలపు ఇళ్ళకు పైకప్పు రై అనే ధాన్యపు గడ్డితోనో రెల్లుతోనో నేస్తారు. మంచు బరువుకు కుంగకుండా, కరిగిన నీళ్ళు నిలవకుండా వాలు బాగా నిటారుగా పెడతారు. గోడ మొదట్లో చుట్టూ మట్టి అరుగు ఉంటుంది, దాని పేరు ప్రిజ్బా. గోడ అడుగున చలి తగలకుండా కాపాడుతుంది, ఎండాకాలం ఊళ్ళోవాళ్ళు దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ అరుగుకూ గోడ అడుగు పట్టీకీ ఎర్రమట్టి పూస్తారు, మా అమ్మమ్మ పండక్కి జాజు పూసినట్టే. విన్నిత్సియా ఉన్న పొదీల్యా ప్రాంతంలో సున్నంలో నీలం కలిపే అలవాటు కూడా ఉంది. మన ఇళ్ళలో నీలిమందు కలిపేవాళ్ళు కదా, అదే. ఇంటి చుట్టూ కొమ్మలతో అల్లిన దడి. వాకిట్లో బావి, బావి మీద ఏతం. ఏతాన్ని వాళ్ళు జురావెల్ అంటారు, కొంగ జాతి పక్షి పేరు అది. వాడకుండా వదిలేసినప్పుడు బరువున్న మొదలు కిందికి దిగి, సన్నటి కొన ఆకాశంలోకి లేచి ఉంటుంది. దాన్ని పక్షి మెడ చాచినట్టే వేయండి. బొమ్మలో నిట్టనిలువుగా కాక, అడ్డంగా కాక, ఏటవాలుగా ఆకాశంలోకి పోయే గీత అదొక్కటే. దాన్ని గట్టిగా వాడుకోవాలి.

ఒక్క జాగ్రత్త. బాబుస్యా ఇంటికి నేను వెళ్ళేనాటికే కప్పు మీద సిమెంటు రేకులు వచ్చేశాయి. చాలా ఊళ్ళలో అంతే. గడ్డి కప్పులను నేను దగ్గరగా చూసింది కీవ్ శివారులోని పిరోహివ్‌లో. అక్కడ దేశం నలుమూలల నుంచి పాత ఇళ్ళనూ గాలిమరలనూ తెచ్చి నిలబెట్టిన ఆరుబయట మ్యూజియం ఉంది, 1976లో తెరిచారు. కాబట్టి మీ బొమ్మ ఏ కాలానిదో ముందే తేల్చుకోండి. గడ్డి కప్పు వేస్తే కరెంటు స్తంభం వేయకండి. రేకులు వేస్తే స్తంభమూ వేయండి, దాని మీద మంచు టోపీ కూడా పెట్టండి. రెండూ నిజమైన పల్లెలే, కానీ ఒకే పల్లె కాదు.

ఇక వెలుగు. దీని దగ్గర ఎంతసేపైనా ఆగొచ్చు.

మనం చిన్నప్పటి నుంచి చూసిన ఎండ నెత్తి మీద నుంచి పడే ఎండ. డిసెంబరు చివర్లో కూడా గుంటూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మనిషి నీడ మనిషి కంటే పొట్టిగానే ఉంటుంది. అదే రోజు విన్నిత్సియాలో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 17 డిగ్రీలే. మిట్టమధ్యాహ్నమే నీడ మనిషికి మూడింతలు. రెండు గంటలకల్లా నాలుగింతలు దాటుతుంది. నాలుగు కొట్టాక కాసేపటికే పొద్దు గుంకుతుంది, అదీ పడమరలో కాదు, నైరుతిలో. మన చేతికి అలవాటైన పొట్టి నీడలు ఈ బొమ్మలో పెడితే మంచు కాస్తా ఇసుకైపోతుంది. నా మొదటి 4 బొమ్మల్లో జరిగింది అదే. పల్లె అక్కడిది, ఎండ మన ఊరిది.

వాలు ఎండ వల్ల ఇంకో సంగతి కూడా జరుగుతుంది. అది తెలిశాకే నాకు ఈ బొమ్మ లొంగింది. ఎండ అంత కిందనుంచి వస్తే, నేల మీద పరుచుకున్న మంచును అది గీరుకుంటూ పోతుంది. ఎదురుగా నిలబడ్డ గోడకు మాత్రం నేరుగా తగులుతుంది. నేల మీద టార్చి లైటు పెట్టి వెలిగించి చూడండి. గచ్చు మసగ్గానే ఉంటుంది, ఎదురు గోడ మెరుస్తుంది. అందుకే ఎండ కాసే చలిరోజున సూర్యుడికి ఎదురుగా ఉన్న సున్నం గోడ, వాకిట్లో మంచు కంటే ఎక్కువ వెలుగుతుంది. ఆ గోడ కంటే కూడా ఎక్కువ మెరిసేది అదే వైపు వాలిన కప్పు మీది మంచు, ఎందుకంటే అది సున్నం కంటే తెల్లనిది, పైగా ఎండకు ముఖం తిప్పి ఉంటుంది. నేల మీది మంచు మూడో స్థానం.

మబ్బు పట్టిన రోజున లెక్క తిరగబడుతుంది. వెలుగు ఆకాశమంతా పరుచుకుని పైనుంచి దిగుతుంది, కాబట్టి నేల మీది మంచే అన్నిటికంటే తెల్లగా ఉంటుంది. గోడకు సగం ఆకాశమే కనిపిస్తుంది, అది పాలిపోయి కాస్త పసుపు తిరిగినట్టు ఉంటుంది. దూరాన నేలను తాకే చోట ఆకాశం మంచు కంటే నల్లబడి సీసం రంగులోకి వస్తుంది. మబ్బు రోజున ఆకాశాన్ని మంచు కంటే తెల్లగా వేస్తే బొమ్మ చప్పబడిపోతుంది.

అందుకని కాన్వాసు ముట్టుకోకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఎండా, మబ్బా? గోడ ఎక్కువ తెలుపా, మంచు ఎక్కువ తెలుపా? ఆ ఒక్క నిర్ణయంతో సగం పని అయిపోయినట్టే.

సున్నం గోడ తెల్లది కాదన్న సంగతి నమ్మబుద్ధి కాకపోతే అర్హిప్ కుయింజీ వేసిన రెండు బొమ్మలు ఫోన్లో పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన మరియుపోల్‌లో పుట్టి 1910లో పోయాడు. ‘ఉక్రెయిన్‌లో రాత్రి’ 1876 నాటిది, ‘ఉక్రెయిన్‌లో సాయంత్రం’ 1878లో చూపించింది. రెండూ ఎండాకాలపువే, కానీ ఇళ్ళు ఇవే. మొదటి దాంట్లో వెన్నెల పడి గోడలు ఆకుపచ్చ తిరిగాయి, రెండో దాంట్లో పొద్దు గుంకే వేళ గులాబీ ఎరుపుతో మండుతున్నాయి. గోడకు కొట్టింది ఒకటే సున్నం. మరియుపోల్‌లో ఆయన పేరున్న మ్యూజియం 2022 మార్చిలో బాంబు దాడిలో దెబ్బతింది. ఆ వార్త చదివిన రోజు రాత్రి ఈ రెండు బొమ్మలనూ ఫోన్లో చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. 16×20 అంగుళాల కాన్వాసు. పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్షులు రెండు, మెత్తటి సన్న బ్రష్ ఒకటి, ఒక ప్యాలెట్ నైఫ్. ఆయిల్ రంగుల్లో టైటానియం వైట్ పెద్ద ట్యూబు, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ, సెరూలియన్ బ్లూ, అలిజరిన్ క్రిమ్సన్, క్యాడ్మియం ఆరెంజ్. నలుపు కొనకండి. నల్లగా కావాల్సిన చోట అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే అంతకంటే మంచి నలుపు వస్తుంది, అందులో చలి కూడా ఉంటుంది.

కాన్వాసును తెల్లగా ఉంచకండి. ఓకర్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా వేసి, టర్పెంటైన్‌తో నీళ్ళలా పల్చన చేసి, గుడ్డతో కాన్వాసంతా రుద్దండి. పలచటి టీ రంగు రావాలి. ఒక రోజు ఆరనివ్వండి. ఈ వెచ్చటి అడుగు మీద పెట్టిన ప్రతి నీలమూ రెట్టింపు చల్లగా కనిపిస్తుంది. మంచు పొరల మధ్య అక్కడక్కడా ఆ అడుగు రంగు తొంగిచూస్తే కప్పేయకండి, ఉండనివ్వండి.

దీనికి ముందు పోస్టుకార్డంత అట్టముక్క మీద ఒక నమూనా వేయండి. 1850లో ఖెర్సోన్ ప్రాంతంలో పుట్టిన ఇవాన్ పోఖితోనోవ్ అనే ఆయన జీవితమంతా చిన్న చిన్న చెక్క పలకల మీదే వేశాడు. అరచేతిలో పట్టే పలక మీద ఊరంతా ఉంటుంది. చిన్నదాంట్లో నిలబడని బొమ్మ పెద్దదాంట్లోనూ నిలబడదు.

ఇల్లు నడిమధ్యన పెట్టకండి. ఎడమకో కుడికో మూడో వంతులో పెట్టండి. పాత ఇళ్ళ కిటికీల గోడ సాధారణంగా దక్షిణం చూస్తుంది. మీరు దానికి సరిగ్గా ఎదురుగా నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, నీడలన్నీ ఇంటి వెనక్కి పోతాయి, బొమ్మ పళ్ళెంలా చదునుగా వస్తుంది. కొంచెం తూర్పు పక్కకు జరగండి, ముందు గోడతో పాటు పక్క గోడ కూడా కనిపించేలా. సమయం మధ్యాహ్నం రెండున్నర అనుకోండి. ముందు గోడకు ఎండ, తూర్పు గోడకు నీడ. దడి నీడ వాకిలి మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. ఆ నీడే మనకు నేల ఎక్కడ గుంట పడిందో, ఎక్కడ మంచు ఉబ్బిందో చెప్పే గీత. సమంగా గీసేయకుండా ఎగుడుదిగుడులతో పాటు వంచండి.

రంగులు కలపడం గోడతో మొదలుపెట్టండి, మంచుతో కాదు. ఎండ గోడకు నిమ్మకాయంత తెలుపు తీసుకుని, బఠాణీ గింజంత ఓకర్, ఆవగింజంత క్యాడ్మియం ఆరెంజ్ కలపండి. నీడ గోడకు అదే ముద్దలో సగం తీసి, బఠాణీ గింజంత అల్ట్రామెరీన్, కందిగింజంత బర్న్ట్ సియెన్నా. నీడ గోడ మీకు భయం వేసేంత ముదురుగా కనిపించాలి. ప్యాలెట్ మీద భయపెట్టినది కాన్వాసు మీద సరిగ్గా కూర్చుంటుంది. ఇంకొకటి, మంచు ఉన్న చోట వెలుగు కిందనుంచి కూడా వస్తుంది. నేల మీద నుంచి ఎగసిన వెలుగు చూరు అడుగున తగులుతుంది. మన పూరిళ్ళ చూరు కింద ఉండే చీకటి అక్కడ ఉండదు. చూరు నీడలోకి కాస్త ఓకర్ రానివ్వండి.

ఇప్పుడు మంచు. నేల మీద ఎండ పడ్డ మంచుకు తెలుపులో కందిగింజంత ఓకర్, ఆవగింజంత అలిజరిన్, అంతే సెరూలియన్. ఈ ముద్దను గోడ ముద్ద పక్కన పెట్టి చూడండి. గోడ కంటే అర మెట్టు ముదురుగా ఉండాలి. మంచు మీది నీడకు అల్ట్రామెరీన్, తెలుపు, కొద్దిగా అలిజరిన్. ఆకాశం నీలమే ఆ నీడలో పడుతుంది కాబట్టి ఆకాశానికి కలిపిన రంగులోంచే కొంచెం తీసి ఇందులో కలిపితే రెండూ చుట్టాలవుతాయి. దగ్గరి నీడలు ముదురు, దూరం పోయేకొద్దీ పాలిపోతాయి.

అనుమానం వచ్చినప్పుడల్లా ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. గోడా వాకిలీ ఒకే బూడిద రంగుగా కలిసిపోతే ఎంత అందంగా వేసినా ఇల్లు మాయమైనట్టే. విన్నిత్సియాలో సాయంత్రం క్లాసుకు వెళ్తే మా డ్రాయింగు టీచరు నా రెండో బొమ్మ ముందు నిలబడి, కళ్ళు సగం మూసి, ‘ఇల్లేది?’ అని మాత్రం అడిగాడు. అప్పట్లో నాకు ఫోన్ చిట్కా తెలియదు. ఇప్పటికీ ముందు ఆయనలాగే కళ్ళు సగం మూసి చూస్తాను.

వేసే వరుస: ఆకాశం, దూరపు చెట్లు, గోడలు, నీడలు, ఎండ మంచు, కప్పు, చివరికి దడి, ఏతం. దూరాన నిటారైన పోప్లర్లు, నది వైపు తలలు నరికిన విల్లోలు. ఆకు లేని కొమ్మల్లో గుండ్రటి ఆకుపచ్చ గుబుర్లు ఉంటాయి, పక్షి గూళ్ళు అనుకుంటాం కానీ కావు. అది ఒమేలా, మన బదనిక లాంటి పరాన్న మొక్క. రెండు మూడు చాలు.

ఇక్కడ కప్పును దగ్గరగా చూద్దాం. పొగగొట్టం మొదట్లో మంచు ఉండదు. పొయ్యి పగలంతా రగులుతూ ఉంటుంది, ఆ వేడికి గొట్టం చుట్టూ జానెడు మేర కరిగి తడిసిన గడ్డి బయటపడుతుంది. పాతబడ్డ గడ్డి బంగారు రంగులో ఉండదు, బూడిద తిరిగిన గోధుమ రంగులో ఉంటుంది. తడిస్తే ఇంకా ముదురు. రా అంబర్‌లో కొంచెం అల్ట్రామెరీన్ వేసి, ఎండు బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. ఆ చిన్న నల్ల మచ్చ పెట్టగానే ఇంట్లో మనుషులున్నారని తెలుస్తుంది. పిరోహివ్‌లో నేను చూసిన చాలా ఇళ్ళకు ఆ మచ్చ లేదు. కప్పు మీద మంచు చెక్కు చెదరకుండా ఉండేది. చూడగానే లోపల ఎవరూ లేరని అనిపించేది.

పొగ గడ్డకట్టే చలిలో, గాలి లేనప్పుడు దారం కట్టి లాగినట్టు నిటారుగా లేస్తుంది. దాన్ని ఒకే రంగుతో వేయకండి. నల్లటి చెట్ల ముందు పోతున్నంతసేపు నీలంగా కనిపించే పొగే, చెట్ల తలలు దాటి వెలుగున్న ఆకాశం ముందుకు రాగానే గోధుమ పసుపులోకి మారుతుంది. చెట్ల వరుస దాటే చోటే రంగు మార్చండి.

దారి మీద బాబుస్యా పొయ్యిలోని బూడిద చల్లేది, కాలు జారకుండా. కాబట్టి గుమ్మం నుంచి బావిదాకా పోయే దారి తెల్లగా ఉండదు, బూడిద గోధుమ రంగు. మనిషిని వేయాలనిపిస్తే ఒక్కరినే, ఆ దారి మీద, బకెట్‌తో. మొహం వద్దు. తలకు గుడ్డ, బరువు వైపు ఒరిగిన భుజం, అంతే.

కిటికీలో దీపం పెట్టాలా వద్దా అని నన్ను అడుగుతుంటారు. రెండున్నర ఎండలో దీపం కనిపించదు, పెట్టకండి. నేను దీపం వేసింది ఒక్క బొమ్మలోనే. 2022 జూలై 14న విన్నిత్సియా నడిబొడ్డున క్షిపణులు పడ్డాయి. నేను రోజూ నడిచిన ఊరు. రాత్రి దాకా ఫోన్ కలవలేదు. కలిశాక నా స్నేహితురాలు ‘బాబుస్యా పడుకుంది, దీపం వేసే ఉంచింది’ అంది. గుంటూరులో బయట వాన పడుతుంటే ఆ వారం చలికాలపు మునిమాపు వేళ వేశాను, మొత్తం నీలం, కిటికీలో మాత్రం కందిగింజంత ఆరెంజ్. మునిమాపు వేస్తే తప్పకుండా పెట్టండి, ఒకే కిటికీలో.

ఆరబెట్టడం గురించి. ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, నూనె గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. అడుగు పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ ఉండాలి. పై పొరలకు పోయేకొద్దీ నూనె పెరగాలి. నేను 2020లో ఒకదానికి ఆకాశం అడుగున లిన్సీడ్ ఆయిల్ దండిగా పోసి, పైన పల్చటి టర్పెంటైన్ రంగు వేశాను. ఆరు నెలలకు ఆకాశమంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. టైటానియం వైట్ అసలే నిదానంగా ఆరుతుంది, మందంగా వేసిన మంచుకు వారాలు పడుతుంది. మన వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. గోడకు ఆనించకుండా, గాలి ఆడే గదిలో, దుమ్ము పడకుండా పెట్టండి. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగండి.

ఇప్పుడు ఆ చివరి పావుగంట. ట్యూబు మూత తీయండి. ప్యాలెట్ నైఫ్ కొనతో గట్టి తెలుపును, ఒక్క ఆవగింజంత ఓకర్ తగిలించి, ఎండ వైపు కప్పు అంచున ఒకచోట పెట్టండి. లాగకండి, పెట్టి ఎత్తేయండి. రెండోది దడి కర్రల తలల మీద నిలిచిన మంచు, అది కూడా దగ్గరున్న రెండు కర్రలకే. మూడోది బావి గట్టు మీద, బకెట్ ఆనించే చోటు పక్కన. బకెట్ ఆనించే చోట మాత్రం వద్దు, అక్కడి మంచును బాబుస్యా పొద్దున్నే చేత్తో తుడిచేసింది.